బిజినెస్ ఎకనామిక్స్ డిగ్రీ: ఎంత పెడుతున్నాం, ఎంత వస్తుంది, కాలేజీల్ని పోల్చి చూడటం ఎలా

ఎంపీసీ అయితే బీటెక్, బైపీసీ అయితే నీట్ అని మన ఇళ్ళల్లో దారి ముందే గీసేసి ఉంటుంది. ఎంఈసీ పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరికీ ఏం చెప్పాలో తోచదు, సీఏ అంటారు, కాదంటే బీకామ్ కంప్యూటర్స్ అంటారు. ఈ మధ్య మూడో మాట కూడా గట్టిగానే వినిపిస్తోంది, బిజినెస్ ఎకనామిక్స్. ఢిల్లీ యూనివర్సిటీ బీబీఈ (అక్కడి బీఏ ఆనర్స్ బిజినెస్ ఎకనామిక్స్) దగ్గర్నుంచి నిన్నగాక మొన్న గేటు పెట్టుకున్న ప్రైవేటు యూనివర్సిటీ దాకా అందరి దగ్గరా ఈ కోర్సు ఏదో ఒక పేరుతో ఉంది, ఫీజేమో ఒకచోట వేలల్లో, ఇంకోచోట లక్షల్లో. బ్రోచర్లు చూసి తేల్చుకుందామంటే అన్నిట్లోనూ అదే అద్దాల బిల్డింగు, అవే సూట్లు, అదే 'హయ్యెస్ట్ ప్యాకేజీ'.

ఒక ఎక్సెల్ షీటు తెరిచి, ఒక శని ఆదివారాలు కూర్చుంటే ఈ గందరగోళం చాలావరకు విడిపోతుంది. నేను వాడే పద్ధతి మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: క్లాసులో మధ్యలో ఉన్న పిల్లాడు బయటికొచ్చాక ఏం చేస్తున్నాడు, అక్కడిదాకా తీసుకురావడానికి వాళ్ళింట్లో మొత్తం ఎంత పెట్టారు? టాపర్ సంగతి వదిలేయండి, టాపర్ ఎక్కడ చదివినా దారి వెతుక్కుంటాడు. మీరు ఫీజు కట్టేది మీ పిల్లాడికి, హోర్డింగు మీద ఫోటో ఉన్నవాడికి కాదు.

1. పేరు పక్కన పెట్టి సిలబస్ తెరవండి

బీఏ ఆనర్స్ బిజినెస్ ఎకనామిక్స్, బీఎస్సీ ఎకనామిక్స్, బీబీఏ ఇన్ బిజినెస్ ఎకనామిక్స్, బీకామ్ విత్ ఎకనామిక్స్... పేర్లు ఇలా పది రకాలుగా ఉంటాయి, లోపల ఉన్న సరుకు వేరు. సిలబస్ పీడీఎఫ్ తెరిచి నాలుగు పేపర్లు ఉన్నాయా లేదా చూడండి చాలు: మైక్రో ఎకనామిక్స్, మాక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ (ఎకనామిక్స్ సిద్ధాంతాల్ని డేటాతో పరీక్షించి చూసే పేపరు). వీటితోపాటు అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్ కలిస్తే అది బిజినెస్ ఎకనామిక్స్. ఎకనామెట్రిక్స్ అసలే లేకుండా 'మేనేజీరియల్ ఎకనామిక్స్' అని ఒకే ఒక్క పేపరు, మిగతాదంతా పర్సనాలిటీ డెవలప్‌మెంటూ ఈవెంట్ మేనేజ్‌మెంటూ కనిపిస్తే అది కొత్త చొక్కా తొడుక్కున్న బీబీఏ. బీబీఏ తప్పని కాదు, దాని రేటు దానికి కట్టాలి అంతే.

ఇంకో తేడా కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పిల్లలకి ఎకనామిక్సే ఇష్టం, తర్వాత ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ లాంటిచోట ఎంఏ చేస్తారు అనుకుంటే బిజినెస్ ఎకనామిక్స్ కంటే మామూలు ఎకనామిక్స్ ఆనర్సే మేలు, థియరీ, మ్యాథ్స్ అందులో లోతుగా ఉంటాయి. ఎంబీఏ వైపు, అనలిస్టు ఉద్యోగాల వైపు చూపుంటే బిజినెస్ ఎకనామిక్స్ బాగా కుదురుతుంది. ఈ ఒక్క నిర్ణయం ముందే తీసుకుంటే మీ లిస్టు సగానికి తగ్గిపోతుంది.

2. దొరికే సీట్లనే లిస్టులో పెట్టండి

ఢిల్లీ యూనివర్సిటీలో డిగ్రీ సీట్లు 2022 నుంచి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష స్కోరుతో ఇస్తున్నారు. బీబీఈకి, బీఎంఎస్‌కి (మేనేజ్‌మెంట్ స్టడీస్ డిగ్రీ) చూసేది ఒకే మూడింటిని: ఒక భాష, మ్యాథ్స్, జనరల్ టెస్ట్. అంటే ఇంటర్‌లో మ్యాథ్స్ ఉన్న ఎంఈసీ, ఎంపీసీ పిల్లలకి దారి తెరిచే ఉంది, సీఈసీ వాళ్ళకి ఇక్కడే గేటు పడుతుంది. ఇది ఇంటర్ రెండో ఏడు అయ్యాక తెలుసుకుని బాధపడేవాళ్ళు చాలామంది. పదో తరగతి అయ్యాక గ్రూపు తీసుకునేటప్పుడే చూసుకోవాల్సిన విషయం.

బీబీఈ ఢిల్లీలో అన్ని కాలేజీల్లోనూ లేదు. పీతంపురాలో శ్రీ గురు గోబింద్ సింగ్ కాలేజ్ ఆఫ్ కామర్స్, అమ్మాయిలకైతే గార్గీ కాలేజీ, ఇలా కొన్నింట్లోనే ఉంది, సీట్లూ పరిమితమే. పక్కనే ఎకనామిక్స్ ఆనర్స్ కూడా పెట్టుకుని చూడండి, ధౌలా కువాలో టీటీడీ 1961లో పెట్టిన శ్రీ వెంకటేశ్వర కాలేజీ లాంటివి అప్పుడు లిస్టులోకి వస్తాయి. హైదరాబాద్ దాటి పంపించే ఉద్దేశం లేకపోతే గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ ఉంది, దానికీ సీయూఈటీనే. ఇక తెలంగాణలో దోస్త్, ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా వచ్చే స్థానిక కాలేజీలు. వీటిని చిన్నచూపు చూడకుండా ఒక వరుస వీటికీ కేటాయించండి, ఎందుకో లెక్క వేసేటప్పుడు తెలుస్తుంది.

ఒక మాట. బీబీఏ, బీఎంఎస్, బీసీఏ కోర్సులు 2024-25 విద్యా సంవత్సరం నుంచి టెక్నికల్, మేనేజ్‌మెంట్ చదువులకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ కిందికి వచ్చాయి. కాలేజీ బీబీఏ పేరుతో సీటు ఇస్తుంటే ఆ అనుమతి అడగండి. యూనివర్సిటీ పేరు కొత్తగా అనిపిస్తే యూనివర్సిటీల్ని పర్యవేక్షించే యూజీసీ సైట్లో గుర్తింపు ఉన్నవాటి జాబితా, నకిలీ వాటి జాబితా రెండూ ఉంటాయి. ఐదు నిమిషాల పని.

3. ఫీజు ఒక్కటే ఖర్చు కాదు, మొదటి జీతం వచ్చేదాకా లెక్క వేయండి

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బ్రోచర్‌లో 'ఏడాదికి 4 లక్షలు' అని ఉంటే నాలుగేళ్ళకి 16 లక్షలని మనసులో రాసేసుకుంటాం. ఫీజు ఏటా 10 శాతం పెంచుతామని అదే బ్రోచర్‌లో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటే మొదటి ఏడు 4, రెండో ఏడు 4.40, మూడో ఏడు 4.84, నాలుగో ఏడు 5.32, మొత్తం 18.56 లక్షలు. రెండున్నర లక్షలు ఎక్కడ్నుంచి వచ్చాయని మూడో ఏడాదిలో తల పట్టుకునే బదులు, అడ్మిషన్ ఆఫీసులో ముందే 'ఫీజు పెరుగుతుందా, ఎంత శాతం, కాగితం మీద రాసిస్తారా' అని అడగండి. రాసివ్వం అంటే పెరుగుతుందనే అర్థం.

షీటులో ప్రతి కాలేజీకి ఈ వరుసలు పెట్టుకోండి: ట్యూషన్ ఫీజు (ఏడాది వారీగా), అడ్మిషన్, పరీక్ష, ల్యాబ్ లాంటి చిల్లర ఫీజులు, తిరిగిచ్చే డిపాజిట్ (తిరిగి వస్తుందని నమ్మకం లేకపోతే ఖర్చులోనే రాయండి), హాస్టలు లేదా పీజీ (పేయింగ్ గెస్ట్ గది), తిండి, రాకపోకలు, ల్యాప్‌టాప్, కోచింగ్. ఢిల్లీ అయితే యూనివర్సిటీ హాస్టల్ దొరుకుతుందని లెక్క వేసుకోకండి, అక్కడ హాస్టళ్ళు తక్కువ, చాలామంది బయట పీజీల్లోనే ఉంటారు. పీజీ వాళ్ళు అద్దెతో పాటు కరెంటు బిల్లు విడిగా తీసుకుంటారు, ఎండాకాలం ఏసీ బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. సంక్రాంతికో దసరాకో రైలు టికెట్ దొరక్క తత్కాల్, అదీ దొరక్క విమానం, ఇవి కూడా ఖర్చులే.

ఊరికే ఉదాహరణకి మూడు రకాల ఇళ్ళు అనుకుందాం, అంకెలు నేను వేసుకున్నవే, మీ అంకెలు మీరు పెట్టుకోండి. మొదటిది ఢిల్లీ ప్రభుత్వ కాలేజీ, మూడేళ్ళు: ఫీజు ఏడాదికి 30 వేల చొప్పున 90 వేలు, నెలకి 18 వేల చొప్పున ఉండటం, తినటం 6.48 లక్షలు, ప్రయాణాలూ అవీ 60 వేలు, మొత్తం 8 లక్షల దగ్గర. రెండోది హైదరాబాద్‌లో ప్రైవేటు యూనివర్సిటీ, ఇంటి నుంచే వెళ్ళి రావడం: పైన చెప్పిన పెంపుతో మూడేళ్ళ ఫీజు 13.24 లక్షలు, బస్సు, మిగతావి కలిపి 15 లక్షలు. మూడోది మీ ఊళ్ళో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, దానికి తోడు ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులు: మొత్తం ఒకటిన్నర లక్ష. 'ఇంట్లోనే ఉంటాడు కదా, ఖర్చు తక్కువే' అనుకున్న రెండోది ఢిల్లీ కంటే దాదాపు రెట్టింపు తేలింది చూశారా.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే కుటుంబాలైతే ఇంకో వరుస కలపాలి. రాష్ట్రంలో చదివితే వచ్చేది, రాష్ట్రం దాటితే మీ కేటగిరీకి వస్తుందో రాదో జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగి ఖాయం చేసుకోండి, కన్సల్టెంటు మాట మీద వదిలేయొద్దు.

4. లోన్ తీసుకుంటే ఈఎంఐ ఇప్పుడే చూడండి

10 లక్షల లోన్, 10 శాతం వడ్డీ అనుకుందాం. బ్యాంకు ఒకేసారి ఇవ్వదు, మూడేళ్ళూ ఏడాది మొదట్లో మూడో వంతు చొప్పున ఇస్తుంది. చదువయ్యాక ఇంకో ఏడాది గడువు. ఈ నాలుగేళ్ళూ మీరు ఏమీ కట్టకపోయినా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మొదటి ఏడు తీసుకున్న 3.33 లక్షల మీద నాలుగేళ్ళ వడ్డీ 1.33 లక్షలు, రెండో ఏడు దాని మీద లక్ష, మూడో ఏడు దాని మీద 67 వేలు, సాధారణ వడ్డీ లెక్కనే మొత్తం 3 లక్షలు. అంటే కట్టడం మొదలుపెట్టే రోజుకి అప్పు 13 లక్షలు. పదేళ్ళకి ఈఎంఐ సుమారు 17,180. పదేళ్ళూ కడితే 20 లక్షల 60 వేలు.

ఇప్పుడు 5 లక్షల సీటీసీ (కంపెనీ కాగితం మీద చూపించే ఏడాది మొత్తం) ఉద్యోగం వచ్చిందనుకోండి. పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ పే తీసేశాక చేతికి వచ్చేది నెలకి 35 వేల లోపే ఉంటుంది చాలా కంపెనీల్లో. అందులో సగం ఈఎంఐకి పోతే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అద్దె ఎవరు కట్టాలి? మళ్ళీ నాన్నగారే. చేతికొచ్చే జీతంలో ఈఎంఐ మూడో వంతు దాటితే ఆ కాలేజీని లిస్టులోంచి కొట్టేయడం నా అలవాటు. కఠినంగా అనిపిస్తుంది గానీ, చదువుకునే రోజుల్లోనే వడ్డీ వరకైనా నెలనెలా కట్టుకుంటూ వెళ్ళగలిగిన ఇళ్ళకి మాత్రమే దీన్ని కాస్త సడలిస్తాను.

కేంద్రం 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఎంపిక చేసిన మంచి ర్యాంకు సంస్థల్లో సీటు వస్తే పూచీ, తాకట్టు లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి వేరే స్కాలర్‌షిప్ గానీ వడ్డీ రాయితీ గానీ తీసుకోనివాళ్ళకి 10 లక్షల వరకు లోన్ మీద చదువు, గడువు కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, ఏటా ఇంతమందికే అనే పరిమితితో. మీ లిస్టులో ఉన్న కాలేజీ ఆ సంస్థల జాబితాలో ఉందో లేదో చూడండి. జాబితాలో ఉండటం, లేకపోవడం ఒక్కోసారి రెండు కాలేజీల మధ్య తేడాని తేల్చేస్తుంది.

5. ప్లేస్‌మెంట్ అంకెల్ని విప్పి చూడండి

60 మంది ఉన్న సెక్షన్. ప్లేస్‌మెంట్‌కి రిజిస్టర్ అయింది 25 మంది. ఉద్యోగం వచ్చింది 20 మందికి. బ్రోచర్‌లో ఏం రాస్తారు? '80 శాతం ప్లేస్‌మెంట్'. అబద్ధం కాదు, 25లో 20 అంటే 80 శాతమే. కానీ క్లాసు మొత్తంలో ఉద్యోగం దొరికింది మూడో వంతుకి. ఆ 20 మందిలో 19 మందికి నాలుగున్నర లక్షలు, ఒక్కరికి 18 లక్షలు వస్తే సగటు 5.17 లక్షలు అని వేస్తారు, పోస్టరు మీద 18 లక్షలు వేస్తారు. మధ్యలో ఉన్న పిల్లాడికి వచ్చింది మాత్రం నాలుగున్నరే. అందుకే సగటు వద్దు, మీడియన్ అడగండి, అంటే అందర్నీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం. మీడియన్ అంటే ఏమిటో ప్లేస్‌మెంట్ ఆఫీసులో ఉన్నవాళ్ళకే తెలియకపోతే ఆ కాలేజీలో ఎకనామిక్స్ ఎలా చెబుతారో కూడా తెలిసిపోతుంది.

కాలేజీ చెప్పకపోయినా మీరే చూసుకునే చోటు ఒకటుంది, దీని సంగతి చాలామందికి తెలియదు. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులకి (కేంద్రం ఇచ్చే కాలేజీ ర్యాంకులు) పోటీపడే ప్రతి సంస్థా కేంద్రానికి డేటా ఇవ్వాలి. ఆ పీడీఎఫ్ ఎన్ఐఆర్ఎఫ్ సైట్లోనూ, సాధారణంగా కాలేజీ సైట్లోనూ ఉంటుంది. ర్యాంకు ఎంతో చూసి మూసేయకండి, పీడీఎఫ్ తెరిచి ప్లేస్‌మెంట్, హయ్యర్ స్టడీస్ పట్టిక దగ్గరికి వెళ్ళండి. యూజీ (డిగ్రీ స్థాయి) మూడేళ్ళ కోర్సులు అని ఒక పట్టిక, నాలుగేళ్ళవైతే ఇంకోటి. అందులో మొదటి ఏడు ఎంతమంది చేరారు, నిర్ణీత కాలంలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వాళ్ళ మీడియన్ జీతం ఎంత, ఎంతమంది పై చదువులకి వెళ్ళారు, అన్నీ వరుసగా ఉంటాయి. చేరినవాళ్ళ సంఖ్యతో పాసైనవాళ్ళని భాగించండి, పాసైనవాళ్ళతో ఉద్యోగం, పై చదువులు రెండూ కలిపి భాగించండి. మిగిలినవాళ్ళు ఏమయ్యారన్నదే మీరు కాలేజీని అడగాల్సిన ప్రశ్న.

ఒక చిక్కు ఉంది. ఆ పట్టికలో మూడేళ్ళ డిగ్రీలన్నీ కలిపే ఉంటాయి, బీకామ్, బీఏ హిస్టరీ, బీబీఈ అన్నీ ఒకే కుండలో. కాబట్టి అది కాలేజీ గాలి ఎటు వీస్తోందో చెబుతుంది గానీ కోర్సు సంగతి చెప్పదు. కోర్సు సంగతి కోసం లింక్డ్ఇన్. కాలేజీ పేజీలో అలమ్నై (పాత విద్యార్థులు) అనే ట్యాబు ఉంటుంది, అందులో నాలుగైదేళ్ళ క్రితం చేరిన బ్యాచి ఏళ్ళు పెట్టి, చదివిన సబ్జెక్టు ఎకనామిక్స్ లేదా బిజినెస్ ఎకనామిక్స్ అని వెతకండి. పైన వచ్చే మెరుపు ప్రొఫైళ్ళు వదిలేసి, కిందికి దొర్లిస్తూ వరుసగా ఓ ముప్పై మందివి చదవండి. డిగ్రీ అయిన మొదటి ఏడాది ఎక్కడున్నారు, ఇప్పుడెక్కడున్నారు? ఈ ముప్పై చదివేసరికి మీకే ఒక బొమ్మ కడుతుంది: కొందరు అనలిస్టులు, కొందరు ఎంబీఏ, కొందరు 'సివిల్స్ ప్రిపరేషన్', కొందరు వాళ్ళ నాన్న షాపులోనే డైరెక్టరు. లింక్డ్ఇన్‌లో లేనివాళ్ళు సాధారణంగా ఉన్నవాళ్ళకంటే మెరుగ్గా ఉండరు, కాబట్టి మీకు కనిపించినదానికంటే అసలు పరిస్థితి కొంచెం కిందే అనుకోండి.

ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు సీనియర్లకి మెసేజ్ పెట్టండి, పిల్లల చేతే పెట్టించండి. 'కాలేజ్ ఎలా ఉంది బ్రో' అంటే 'సూపర్' అంటారు. 'మీ సెక్షన్‌లో ప్లేస్‌మెంట్‌కి ఏ కంపెనీలు వచ్చాయి, ఏ రోల్, మిగతావాళ్ళు ఏం చేస్తున్నారు' అని అడిగితే అసలు సంగతి చెబుతారు. రోల్ ముఖ్యం. పెద్ద కంపెనీ పేరు చూసి మురిసిపోతాం, తీరా చూస్తే అది టెలీకాలింగ్ సేల్స్ అయి ఉంటుంది.

6. రెండో డిగ్రీ ఖర్చు కూడా ఇందులోదే

బిజినెస్ ఎకనామిక్స్ చదివినవాళ్ళలో చాలామంది డిగ్రీతో ఆగరు. క్యాట్ రాసి ఎంబీఏకో, ఎంఏకో వెళ్తారు. ఇది నిజమైతే యూజీకి లక్షలు ఊడ్చి పెట్టి పీజీకి (పోస్ట్ గ్రాడ్యుయేషన్‌కి) చేతులు ఖాళీ చేసుకోవడం తెలివైన పని కాదు. మంచి ఎంబీఏ ఫీజు యూజీ కంటే ఎక్కువ, ఫలితమూ దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే పైన మూడో రకం ఇల్లు, ఊళ్ళో డిగ్రీ చేసి మిగిలిన డబ్బు పీజీకి దాచుకున్న ఇల్లు, కాగితం మీద కనిపించేంత బలహీనమైనది కాదు.

ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ మీద కన్నున్నవాళ్ళు ఒకటి గమనించాలి, యూపీఎస్సీ ఆ పరీక్షకి పీజీ అడుగుతుంది: ఎకనామిక్స్, అప్లైడ్ ఎకనామిక్స్, బిజినెస్ ఎకనామిక్స్, ఎకనామెట్రిక్స్ వీటిలో ఏదో ఒకటి. యూజీ ఒక్కదానితో అది రాదు. డిగ్రీని మూడేళ్ళతో ఆపాలా, నాలుగో ఏడాది కూడా చదవాలా అన్నదీ ఇక్కడే తేలుతుంది. ఎంబీఏకి వెళ్ళేవాళ్ళకి మూడేళ్ళు చాలు, నాలుగో ఏడాది అంటే ఒక ఏడాది ఫీజుతో పాటు ఒక ఏడాది జీతం కూడా వదులుకోవడమే. అమెరికాలో మాస్టర్స్ అనుకునేవాళ్ళకి చాలా యూనివర్సిటీలు పదహారేళ్ళ చదువు అడుగుతాయి కాబట్టి నాలుగేళ్ళు పనికొస్తుంది.

7. డైరెక్టుగా అమెరికా డిగ్రీ అనుకుంటే

బావగారి పిల్లలు అక్కడున్నారు కదా అని యూజీకే పంపుదామనుకునేవాళ్ళకి రెండు మాటలు. అమెరికా ప్రభుత్వం నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్ సైట్లో కాలేజీ పేరు, సబ్జెక్టు కొడితే ఆ కోర్సు చదివినవాళ్ళ మీడియన్ సంపాదన, అప్పు కనిపిస్తాయి. మనకి ఇక్కడ లేని సౌకర్యం అది. కానీ ఆ సంపాదన లెక్క అక్కడి ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థులది, వీసా మీద వెళ్ళిన మన పిల్లలు అందులో ఉండరు. ఖర్చు లెక్క కూడా అంతే, ప్రభుత్వ యూనివర్సిటీలకి అక్కడ చూపించేది ఆ రాష్ట్రం వాళ్ళకి పడే ఖర్చు. బిజినెస్ ఎకనామిక్స్‌కి పేరున్న యూసీఎల్ఏ లాంటిచోట బయటివాళ్ళకి అదనంగా వేసే నాన్‌రెసిడెంట్ ఫీజే ఏడాదికి 30 వేల డాలర్లు దాటుతుంది, అసలు ఫీజు, హాస్టలు అది కాక.

రెండోది, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఉండే సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ రకమో చెప్పే నంబరు. 45.0603 అని ఉంటే, అంటే ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ అయితే, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంది, చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేయనిచ్చే ఓపీటీ ఏడాదితో పాటు ఇంకో రెండేళ్ళు పొడిగింపు అడగొచ్చు. మామూలు బిజినెస్ ఎకనామిక్స్ కోడ్ 52.0601 అయితే ఏడాదితో సరి. ఒకే యూనివర్సిటీలో రెండు డిపార్ట్‌మెంట్ల కోడ్లు వేరుగా ఉండొచ్చు. అప్పు తీర్చడానికి మూడేళ్ళ డాలర్ జీతమా, ఒక్క ఏడాదా అన్నది ఈ ఆరు అంకెల మీద ఉంటే, అప్లై చేసే ముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడగడం మంచిది కదా.

8. ఇక తేల్చండి

షీటులో ప్రతి కాలేజీకి మూడు అంకెలు మిగలాలి: మొదటి జీతం దాకా మొత్తం ఖర్చు, క్లాసు మొత్తంలో దారి దొరికినవాళ్ళ శాతం, మీడియన్ జీతం. ఇప్పుడు ఖరీదైనదాన్ని దాని కింద ఉన్న చవకదానితో పోల్చండి. మన ఉదాహరణలో ప్రైవేటు యూనివర్సిటీ 15 లక్షలు, ఊళ్ళో కాలేజీ ఒకటిన్నర, తేడా 13.5 లక్షలు. ప్రైవేటులో మీడియన్ జీతం ఏడాదికి ఒకటిన్నర లక్ష ఎక్కువ అనుకున్నా, ఆ తేడా తిరిగి రావడానికి 9 ఏళ్ళు, వడ్డీ కలపకుండానే. ఏడాది జీతంలో తేడా 3 లక్షలైతే నాలుగున్నరేళ్ళు, అప్పుడు ఆలోచించొచ్చు. ఇంగ్లిష్ వాతావరణం, స్నేహాలు, ధైర్యం లాంటివి అంకెల్లో రావు, నిజమే. వాటికి మీరెంత కట్టడానికి సిద్ధమో ఆ మొత్తం మీరే ఒక వరుసగా రాసుకోండి, అప్పుడు కౌన్సెలర్ మాటలకి పడిపోకుండా ఉంటారు.

చివర్లో సీటు కొట్టేసుకునే హడావుడిలో రెండు జాగ్రత్తలు. ప్రైవేటు యూనివర్సిటీలు సీయూఈటీ ఫలితాలకి ముందే 'ఈ వారంలో కట్టకపోతే సీటు పోతుంది' అని ఫోన్ల మీద ఫోన్లు చేస్తాయి. అడ్మిషన్ రద్దు చేసుకుంటే ఫీజు ఏ తేదీ వరకు పూర్తిగా తిరిగివ్వాలో యూజీసీ ఏటా సర్క్యులర్ ఇస్తుంది, ఆ ఏటి సర్క్యులర్ ప్రింటు తీసుకుని జేబులో పెట్టుకునే వెళ్ళండి, కట్టినదానికి రసీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి వెనక్కి ఇచ్చేయాలే తప్ప దగ్గర పెట్టుకోకూడదని కూడా యూజీసీ నిబంధన ఉంది. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ అన్నిటికీ జిరాక్సులు అటెస్ట్ చేయించి ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి అదే పూట ఇంటికి తెచ్చేసుకోండి, ఢిల్లీ సీటు మూడో రౌండులో వచ్చినప్పుడు అవి మీ దగ్గరే ఉండాలి.